ఆంగ్ల వ్యాకరణ సందేహాలు: నియమాల పుట్టుక, భారతీయ తరగతి గది - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంగ్లం నేర్చుకొనేవారినీ బోధించేవారినీ కొన్ని సందేహాలు తరతరాలుగా వెంటాడుతున్నాయి. వాక్యాన్ని ప్రిపొజిషన్‌తో ముగించవచ్చునా? ‘టు’కూ క్రియకూ నడుమ మరొక పదం రావచ్చునా? ‘షల్’ ఎక్కడ వాడాలి, ‘విల్’ ఎక్కడ వాడాలి? ‘ఎవ్రీవన్’ తరువాత ‘హీ’ రావాలా, ‘దే’ రావాలా? ఈ ప్రశ్నలకు మన తరగతి గదుల్లో సాధారణంగా ‘ఒప్పు’, ‘తప్పు’ అనే రెండే సమాధానాలు లభిస్తున్నాయి. ఈ నియమాలు ఎవరి చేతిలో, ఏ కాలంలో, ఏ అవసరం కొద్దీ రూపొందాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇవన్నీ ఒకే స్వభావం గలవి కావనీ, వీటిని మూడు తరగతులుగా విడదీసి చూడడం బోధనకూ మూల్యాంకనానికీ అవసరమనీ ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: ఆంగ్ల వ్యాకరణం, వాడుక, ప్రామాణిక భాష, నుడికారం, భారతీయ ఆంగ్లం, మూల్యాంకనం.

1. ఉపోద్ఘాతం:

వ్యాకరణ నియమానికి కూడా ఒక చరిత్ర ఉంటుంది. అయితే పాఠ్యపుస్తకంలోకి చేరిన నియమం తన చరిత్రను వెంట తెచ్చుకోదు. అది కేవలం ఒక ఆజ్ఞగా మాత్రమే విద్యార్థికి అందుతుంది. మాతృభాషగా ఆంగ్లం మాట్లాడేవారు ఆ ఆజ్ఞను తమ వాడుకతో సరిచూసుకోగలరు. ఆ భాషను పుస్తకం ద్వారా నేర్చుకొనేవారికి ఆ వెసులుబాటు తక్కువ. అందువల్ల రెండు వందల యేళ్ల క్రితం ఒక రచయిత వెలిబుచ్చిన అభిరుచి కూడా మన విద్యార్థికి భాషాశాసనంగా కనిపిస్తుంది. దానిని ఉల్లంఘిస్తే మార్కులు పోతాయి. ఉద్యోగపు ముఖాముఖిలో తక్కువచూపు ఎదురవుతుంది. కనుక ఈ నియమాల చరిత్రను తెలుసుకోవడం కేవలం పండితుల కుతూహలానికి సంబంధించిన విషయం కాదు.

2. లాటిన్ నీడలో తొలి వ్యాకరణాలు:

ఆంగ్లంలో అచ్చయిన తొలి ఆంగ్ల వ్యాకరణం విలియం బులోకర్ 1586లో ప్రకటించిన చిన్న గ్రంథం. నాటి పాఠశాలల్లో చెలామణిలో ఉన్న విలియం లిలీ లాటిన్ వ్యాకరణమే దానికి నమూనా. ఆంగ్లానికి కూడా లాటిన్‌కు ఉన్నట్లే నియమాలు ఉన్నాయని నిరూపించడం ఆనాటి అవసరం. జాన్ వాలిస్ 1653లో ప్రకటించిన ఆంగ్ల వ్యాకరణాన్ని లాటిన్ భాషలోనే రచించాడు. అయినా ఆంగ్లాన్ని లాటిన్ మూసలో బిగించడం తగదని గుర్తించినవారిలో ఆయన ఒకడు.

పద్దెనిమిదో శతాబ్దం నాటికి పరిస్థితి మారింది. ఫ్రాన్సులో 1635 నుంచి భాషా అకాడమీ ఉంది. అటువంటి సంస్థ ఇంగ్లండులో కూడా ఏర్పడాలని జొనాథన్ స్విఫ్ట్ 1712లో ఆక్స్‌ఫర్డ్ ప్రభువైన రాబర్ట్ హార్లీకి లేఖారూపంలో ఒక ప్రతిపాదన చేశాడు. భాషను దిద్ది, మెరుగుపరచి, స్థిరపరచాలన్నది ఆయన కోరిక. 1714లో ఆన్ రాణి మరణించింది, రాజకీయాలు మారాయి, ఆ ప్రతిపాదన మూలపడింది. ఇంగ్లండులో భాషా అకాడమీ ఏనాడూ ఏర్పడలేదు. ఆ ఖాళీని నిఘంటుకారులూ వ్యాకరణ రచయితలూ పూరించారు. వర్తకం వల్ల ఎదిగిన మధ్యతరగతి కుటుంబాలకు మర్యాదస్థుల భాష ఎలా ఉండాలో చెప్పే పుస్తకాలు కావలసివచ్చాయి. నియమం పుట్టడానికి పండితుడి తర్కం ఎంత కారణమో, సామాజికంగా పైమెట్టు ఎక్కాలన్న పాఠకుడి ఆరాటం కూడా అంతే కారణం.

3. వాక్యాంతంలో ప్రిపొజిషన్:

‘హూ ఆర్ యూ టాకింగ్ టు?’ అనే వాక్యం తప్పనీ, ‘టు హూమ్ ఆర్ యూ టాకింగ్?’ అన్నదే ఒప్పనీ నేటికీ కొందరు బోధిస్తున్నారు. ఈ అభ్యంతరాన్ని ప్రసిద్ధికి తెచ్చినవాడు కవి జాన్ డ్రైడెన్. ఆయన 1672లో బెన్ జాన్సన్ రచనల్లోని దోషాలను ఎత్తిచూపుతూ, వాక్యాంతంలో ప్రిపొజిషన్‌ను నిలపడాన్ని కూడా ఒక లోపంగా పేర్కొన్నాడు. ఆ లోపం తన రచనల్లో కూడా ఉన్నదని ఒప్పుకొన్నాడు. నాటక కవిత్వంపై తాను 1668లో ప్రకటించిన వ్యాసాన్ని 1684లో మళ్లీ ముద్రించినప్పుడు అటువంటి వాక్యాలను వెతికి మరీ సవరించుకొన్నాడు. ఆయన అభ్యంతరానికి వాడుక ఆధారం కాదు. అది ఆయన శైలీదృష్టికి సంబంధించినది.

రాబర్ట్ లౌత్ 1762లో ప్రకటించిన ‘ఎ షార్ట్ ఇంట్రడక్షన్ టు ఇంగ్లిష్ గ్రామర్’ ఈ చరిత్రలో కీలకమైన గ్రంథం. ఆయన తరువాతి కాలంలో లండన్ బిషప్ పదవిని అలంకరించాడు. వాక్యాంత ప్రిపొజిషన్‌ను నిషేధించినవాడిగా ఆయనకు అపఖ్యాతి ఉంది. కాని గ్రంథాన్ని తెరచి చూస్తే నిషేధం కనిపించదు. ఈ నుడికారం వైపు ఆంగ్లానికి సహజమైన మొగ్గు ఉన్నదనీ, మామూలు సంభాషణకు అది చక్కగా సరిపోతుందనీ, గంభీర శైలికి మాత్రం ప్రిపొజిషన్‌ను ముందుకు తేవడం అందగిస్తుందనీ ఆయన చెప్పాడు. ఆ మాట చెబుతున్న వాక్యంలోనే తొలి ఉపవాక్యాన్ని ఆయన ‘టు’తో ముగించాడు.

ముప్పై మూడేళ్ల తరువాత, 1795లో, లిండ్లీ మరీ తన వ్యాకరణాన్ని ప్రకటించాడు. పెన్సిల్వేనియాలో పుట్టి ఇంగ్లండులోని యార్క్ దగ్గర స్థిరపడిన ఈ న్యాయవాది, అక్కడి ఒక బాలికల పాఠశాల ఉపాధ్యాయినుల కోరికపై ఆ పుస్తకం రాశాడు. అది అట్లాంటిక్‌కు ఇరువైపులా దశాబ్దాల పాటు పాఠశాలలను ఏలింది. మరీ లౌత్ వాక్యాన్ని దాదాపు యథాతథంగా స్వీకరించాడు. కాని చివరనున్న ‘టు’ను మాత్రం ముందుకు జరిపాడు. లౌత్ గ్రంథంలో వాడుకను వర్ణించిన వాక్యం మరీ చేతిలో దిద్దుబాటుకు గురైంది. శైలికి సంబంధించిన సలహా పాఠశాల నియమంగా గట్టిపడిన తీరుకు ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం దొరకదు.

4. రెండు వ్యతిరేకాలు, ‘ఫ్యూయర్ - లెస్’:

రెండు వ్యతిరేకార్థకాలు కలిస్తే అనుకూలార్థం వస్తుందన్న సూత్రం లౌత్ గ్రంథంలో 1763 నాటి రెండవ ముద్రణలో చేరింది. ఇది గణిత తర్కాన్ని తలపించే వాదం. తెలుగులో ‘తెలియనిది కాదు’ అంటే తెలిసినదేనని అర్థం కనుక మనకు ఈ సూత్రం సహజంగానే తోస్తుంది. కాని పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ ఒకే వాక్యంలో వ్యతిరేక పదాలను పలుమార్లు వాడి, వాటితో వ్యతిరేకార్థాన్ని మరింత బలపరిచాడు. నేటికీ అనేక ఆంగ్ల మాండలికాలు ఆ పద్ధతినే పాటిస్తున్నాయి. అయితే ఈనాటి ప్రామాణిక ఆంగ్లం దానిని విడిచిపెట్టిందన్నది కూడా వాస్తవమే. అంటే ఇక్కడ నియమం నిలుస్తుంది, దానికి చెప్పిన తార్కిక కారణం మాత్రం నిలవదు. ఇది భాషాశాస్త్ర దృష్టితో గుర్తించదగిన భేదం.

లెక్కించదగిన వస్తువులకు ‘ఫ్యూయర్’ అనీ, లెక్కకు రానివాటికి ‘లెస్’ అనీ మనం నేర్పుతాం. రాబర్ట్ బేకర్ 1770లో ఈ భేదాన్ని సూచించినప్పుడు దానిని కేవలం తన అభిరుచిగానే చెప్పుకొన్నాడు. తొమ్మిదో శతాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ రాజు కాలం నాటి రచనలోనే లెక్కించదగినవాటితో ‘లెస్’ కనిపిస్తుంది. ఒక వ్యక్తి అభిరుచిగా మొదలైన మాట తరువాతి పుస్తకాల్లో నియమమై కూర్చుంది.

5. స్ప్లిట్ ఇన్ఫినిటివ్:

‘టు’కూ క్రియకూ నడుమ క్రియావిశేషణం రాకూడదన్న నిషేధాన్ని కూడా చాలామంది లౌత్‌కే అంటగడతారు. ఆయన గ్రంథంలో దీని ప్రసక్తే లేదు. ఇటువంటి ప్రయోగం మధ్యయుగపు ఆంగ్లంలోనే ఉంది. దీనిపై స్పష్టమైన అభ్యంతరం 1834లో ఒక అమెరికన్ పత్రికలో కనిపిస్తుంది. కాంటర్‌బరీ డీన్ హెన్రీ ఆల్ఫర్డ్ 1864లో వెలువరించిన గ్రంథం దానిని మరింత ప్రచారంలోకి తెచ్చింది. ‘స్ప్లిట్ ఇన్ఫినిటివ్’ అన్న పేరు పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దంలో గాని వ్యాప్తిలోకి రాలేదు. లాటిన్‌లో ఈ రూపం ఏకపదం కనుక ఆంగ్లంలో దానిని విడగొట్టరాదని చెప్పే కారణం నేడు బాగా ప్రచారంలో ఉంది. కాని ఆల్ఫర్డ్ లాటిన్‌ను ఆశ్రయించలేదు. ఆంగ్లేయులు ఇలా మాట్లాడరు, రాయరు అన్నదే ఆయన వాదం. వాడుక పేరుతో చేసిన ఆ వాదాన్ని వాడుకే తోసిపుచ్చింది.

6. షల్ - విల్:

ఉత్తమ పురుషలో ‘షల్’ కేవల భవిష్యత్తునూ, ‘విల్’ సంకల్పాన్నీ తెలుపుతాయనీ, మధ్యమ, ప్రథమ పురుషల్లో ఈ క్రమం తారుమారవుతుందనీ వాలిస్ 1653లో సూత్రీకరించాడు. 1906లో ఫౌలర్ సోదరులు ‘ది కింగ్స్ ఇంగ్లిష్’ గ్రంథంలో ఈ ఒక్క అంశానికే ఇరవై పుటలకు పైగా కేటాయించారు. దక్షిణ ఇంగ్లండులో పుట్టినవారికి ఇది సహజంగా అబ్బుతుందనీ, తక్కినవారికి పట్టుబడడం చాలా కష్టమనీ వారే అంగీకరించారు. స్కాట్లండ్, ఐర్లండ్, అమెరికా ప్రజల వాడుక వేరు. ఒక ప్రాంతపు అలవాటును మరొక ఖండంలోని బాలబాలికలు పట్టికగా వల్లెవేయవలసిరావడం ఈ నియమం విషయంలో జరిగింది. అయితే ప్రథమ పురుషలో ఆజ్ఞార్థకమైన ‘షల్’ న్యాయశాసనాల భాషలో నేటికీ సజీవంగా ఉంది. తరగతిలో చెప్పవలసిన ఉపయుక్తమైన మాట అదే.

7. ‘హీ’, ‘దే’:

‘ఎవ్రీవన్’, ‘ఎనీవన్’ వంటి పదాల తరువాత ‘దే’ వాడుక పద్నాలుగో శతాబ్దం నుంచీ ఉంది. షేక్‌స్పియర్, జేన్ ఆస్టిన్ వంటి రచయితలు దానిని వాడారు. స్త్రీపురుషులిద్దరినీ ‘హీ’తోనే చెప్పవచ్చునన్న సూత్రం పద్దెనిమిదో శతాబ్దపు వ్యాకరణాల్లో స్థిరపడింది. దానిని తొలిగా చెప్పినవారిలో న్యూకాజిల్ నగరానికి చెందిన ఆన్ ఫిషర్ అనే ఉపాధ్యాయిని ఉండడం గమనార్హం. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల భాషకు ఇదే సూత్రాన్ని వర్తింపజేసింది. మన దేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ విభాగం కూడా పుంలింగ వాచకాలు స్త్రీలకు వర్తిస్తాయని నిర్దేశించింది. వ్యాకరణ సూత్రం ఈ విధంగా శాసన సూత్రమైంది.

ఏకవచనానికి బహువచన సర్వనామం తగదన్న వాదం తెలుగువారికి వింతగా తోచాలి. ఒక్క వ్యక్తిని ‘మీరు’ అనీ ‘వారు’ అనీ అనడం మనకు నిత్యకృత్యం. ఆంగ్లంలో ‘యూ’ సైతం ఒకనాడు బహువచనమే. అది ‘దౌ’ను తొలగించి ఏకవచన స్థానాన్ని ఆక్రమించింది. 2019లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు ‘దే’ను ఆ యేటి పదంగా ప్రకటించింది. అదే యేడు వెలువడిన అమెరికన్ మనోవిజ్ఞాన సంఘపు రచనా మార్గదర్శిని ఏడవ ముద్రణ ఏకవచన ‘దే’ను ఆమోదించింది. పరిశోధన పత్రాలు రాసేవారికి ఇది నేరుగా సంబంధించిన మార్పు.

8. వాడుక పక్షం:

నియమ పక్షం ఎంత పాతదో వాడుక పక్షం కూడా అంతే పాతది. లౌత్ కన్నా ఒక్క యేడు ముందు, 1761లో, జోసెఫ్ ప్రీస్ట్‌లీ ప్రకటించిన వ్యాకరణం వాడుకనే ప్రమాణంగా గ్రహించింది. 1755లో నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్, మారే భాషను చెడిపోకుండా భద్రపరచడం ఏ నిఘంటుకారుడికీ సాధ్యం కాదని తన పీఠికలో ఒప్పుకొన్నాడు. 1926లో హెచ్. డబ్ల్యు. ఫౌలర్ ‘ఎ డిక్షనరీ ఆఫ్ మోడర్న్ ఇంగ్లిష్ యూసేజ్’ గ్రంథంలో వాక్యాంత ప్రిపొజిషన్‌పై నిషేధాన్ని మూఢనమ్మకంగా కొట్టివేశాడు. ఓటో యెస్పర్‌సన్ 1909 నుంచి సంపుటాలుగా వెలువరించిన చారిత్రక వ్యాకరణం, 1985లో రాండాల్ఫ్ క్వర్క్ బృందం ప్రకటించిన సమగ్ర వ్యాకరణం, 2002లో హడల్‌స్టన్, పులమ్‌ల సంపాదకత్వంలో వచ్చిన కేంబ్రిడ్జి వ్యాకరణం వాస్తవ ప్రయోగాల ఆధారంగా ఈ సందేహాలను పరిష్కరించాయి. సమస్య ఏమిటంటే, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోకి చేరిన ఈ పరిష్కారాలు పాఠశాల పుస్తకంలోకి ఆ వేగంతో చేరలేదు.

9. భారతీయ తరగతి గది:

1835లో మెకాలే అభిప్రాయ పత్రం, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాల స్థాపన ఆంగ్లాన్ని పరీక్షల భాషగా నిలిపాయి. పరీక్షకు కొలమానం కావాలి. తప్పొప్పుల పట్టిక సులభమైన కొలమానం. ఉత్తర భారత విద్యాశాఖలో పనిచేసిన జె. సి. నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు, 1930ల నడుమ వచ్చిన రెన్, మార్టిన్‌ల హైస్కూలు వ్యాకరణం ఆ అవసరాన్ని తీర్చాయి. ‘బో జెస్ట్’ నవలాకారుడైన పి. సి. రెన్ పేరు మన దేశంలో వ్యాకరణకర్తగానే నిలిచింది. బొంబాయి సివిల్ సర్వీసుకు చెందిన జి. సి. విట్‌వర్త్ 1907లో భారతీయుల ఆంగ్లంలోని నుడికార దోషాలను పరిశీలిస్తూ ప్రత్యేక గ్రంథమే ప్రకటించాడు.

జాతీయాల బోధనలో ఈ పద్ధతి ఫలితం మరింత విచిత్రంగా ఉంటుంది. కుండపోత వానను ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అనాలని మన పిల్లలు వల్లెవేస్తారు. ఈ జాతీయం స్విఫ్ట్ 1738లో ప్రకటించిన సంభాషణల సంకలనంలో ఉంది. మర్యాదస్థుల గోష్ఠుల్లో అరిగిపోయిన మాటలను ఎగతాళి చేయడానికి ఆయన ఆ సంకలనం కూర్చాడు. భాషను స్థిరపరచాలని కోరిన రచయిత ఊకదంపుడు మాటగా పరిహసించిన నుడి, మన పరీక్షల్లో నుడికార పాండిత్యానికి గీటురాయి అయింది. దీనికి విరుద్ధమైన ఉదాహరణ ‘డు ది నీడ్‌ఫుల్’. ఇది భారతీయుల సృష్టి అని పలువురు నవ్వుతారు. నిజానికి అది బ్రిటిష్ ఆంగ్లంలోనే చెలామణి అయిన నుడి. అక్కడ వాడుక తగ్గింది, ఇక్కడి కార్యాలయ లేఖల్లో నిలిచిపోయింది.

10. తెలుగువారి ఆంగ్లం:

తెలుగు పలుకుబడి ఆంగ్లంలో ప్రవేశించే తీరును ‘దోషం’ అన్న ఒక్క మాటతో తేల్చలేం. ‘డిస్కస్ అబౌట్’ అన్న ప్రయోగంలో ‘గురించి చర్చించు’ అన్న తెలుగు కూర్పుతోపాటు, ‘డిస్కషన్ అబౌట్’ అన్న ఆంగ్ల నామరూపపు సాదృశ్యం కూడా పనిచేస్తుంది. అన్ని వాక్యాల చివరా ‘ఇజింట్ ఇట్?’ చేర్చడంలో ‘కదా’ వినిపిస్తుంది. ఇవి ప్రామాణిక రచనలో సవరించుకోవలసినవే. కాని ‘కో-బ్రదర్’ విషయం వేరు. తోడల్లుడిని చెప్పడానికి ఆంగ్లంలో ప్రత్యేక పదం లేదు. ‘కజిన్ బ్రదర్’ కూడా అటువంటిదే. పెదనాన్న, పినతల్లి కొడుకులు మనకు అన్నదమ్ములు. మేనత్త, మేనమామ కొడుకులు బావలు, బావమరదులు. ఈ వ్యవస్థను ‘కజిన్’ అన్న ఒక్క పదం మోయలేదు. ఇక్కడ లోటు మాట్లాడేవారిది కాదు, పదజాలానిది. ‘పోస్ట్‌పోన్’కు జంటగా మనవారు విరివిగా వాడే ‘ప్రీపోన్’ నేడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో చోటు చేసుకొంది. మన ‘పందికొక్కు’ ఎప్పుడో ‘బాండికూట్’ రూపంలో ఆంగ్లంలో చేరిపోయింది. యూల్, బర్నెల్‌ల 1886 నాటి ‘హాబ్సన్-జాబ్సన్’ దానిని నమోదు చేసింది.

ఇటువంటి ప్రయోగాల ప్రతిపత్తిపై 1990-91లో క్వర్క్, బ్రజ్ కచ్రూల నడుమ ప్రసిద్ధమైన వాదం నడిచింది. బోధనకు ఒక ప్రామాణిక రూపం అవసరమని క్వర్క్ నొక్కిచెప్పాడు. ఆంగ్లాన్ని రెండవ భాషగా స్వీకరించిన సమాజాలు దానిపై తమ ముద్ర వేయడం సహజమనీ, ఆ రూపాలను లోపాలుగా చూడరాదనీ కచ్రూ వాదించాడు. 1958లో హైదరాబాదులో ఆంగ్ల బోధనకై ఏర్పడిన కేంద్ర సంస్థ నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఎదిగింది. ఉపాధ్యాయుల శిక్షణకు ఇంతటి వ్యవస్థ మన నగరంలోనే ఉన్నా, గ్రామీణ కళాశాలలో ప్రశ్నపత్రం ఇంకా పాత పట్టికనే అనుసరించడం ఆలోచించవలసిన విషయం.

వాడుకకూ వ్యాకరణానికీ నడుమ ఘర్షణ తెలుగువారికి కొత్త కాదు. పాఠశాలల పర్యవేక్షణాధికారిగా వచ్చిన ఆంగ్లేయుడు జె. ఎ. యేట్స్, తరగతిలో బోధించే తెలుగుకూ ప్రజలు మాట్లాడే తెలుగుకూ ఇంత దూరమెందుకని వేసిన ప్రశ్న గిడుగు రామమూర్తి ఆలోచనకు ఊతమిచ్చింది. 1914లో గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం శిష్టవ్యవహారాన్ని సమర్థించింది. తెలుగు విషయంలో ఇంత పోరాడి గెలుచుకొన్న వివేకాన్ని ఆంగ్ల బోధనలో మాత్రం మనం వినియోగించుకోలేదు.

11. ముగింపు:

పై పరిశీలన నుంచి ఆంగ్ల వ్యాకరణ సందేహాలను మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటివి నిర్మాణ నియమాలు. కర్తకు తగిన క్రియారూపం, పదక్రమం వంటివి నేటి ప్రామాణిక భాషకు అస్థిపంజరం వంటివి. రెండు వ్యతిరేకాల విషయం కూడా ప్రామాణిక రచన వరకు ఈ కోవలోకే వస్తుంది. వీటిని నేర్పక తప్పదు, దిద్దక తప్పదు. రెండవవి శైలీస్థాయికి సంబంధించినవి. ‘టు హూమ్’, ‘హూ... టు’ రెండూ ఒప్పే. ఎక్కడ ఏది తగునన్నదే ప్రశ్న. మూడవవి చరిత్ర మిగిల్చిన మూఢనమ్మకాలు. స్ప్లిట్ ఇన్ఫినిటివ్ నిషేధం వంటి వాటిపై మార్కులు తగ్గించడానికి శాస్త్రీయ ఆధారం లేదు.

ఈ విభజన వల్ల నియమాల విలువ తగ్గదు. ఏ నియమం దేనికోసమో తెలుస్తుంది. విద్యార్థి సందేహం అడిగినప్పుడు ‘తప్పు’ అని కొట్టివేయడానికి ఒక్క క్షణం చాలు. ‘ఇది ఎక్కడ, ఎవరికి, ఎప్పటి నుంచి తప్పు?’ అని విచారించడానికి కొంత చదువు కావాలి. లౌత్ వాక్యం చివరనున్న ఒక చిన్న పదాన్ని మరీ జరిపాడు. ఆ జరుపుడు ఒక రచయిత ఎంపిక అని తెలియనందువల్ల, ఎన్నో తరాల విద్యార్థులు తమ సహజమైన వాక్యాన్ని తామే అనుమానించుకొన్నారు. తరగతి గదిలో ఆ అనుమానాన్ని తొలగించడం ఆంగ్ల భాషాచరిత్ర చదివిన అధ్యాపకుని చేతిలో ఉన్న పని.